పలు వాకిళ్ళు తట్టు వ్యాధి

వ్యాధులలో కొన్నింటికి స్థిరనివాసము లుండును. కామెర్లన్నంతనే కాలేయమును, ఉబ్బసమన్నంతనే ఊపిరితిత్తులును మనకు తలంపునకు వచ్చును. అట్టివానిని గుర్తించుట గృహిణులకు కష్టము కాదు. కాని పగటివేషగాండ్ర వంటి వ్యాధులును కొన్ని కలవు. పగటివేషగాడు ఒకనాడు ఫకీరై, మరునాడు అర్ధనారీశ్వరుడై, మూడవనాడు పోలీసు జమేదారై మన వాకిటికి వచ్చును. వచ్చినవాడొక్కడే యని చివరినాడు సంభావన కొరకు చేయి చాచినప్పుడు గాని పిల్లలకు తెలియదు. ఇట్టి వ్యాధులలో నొకదానిని గూర్చి సోదరీమణులకు తెలుపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము. దాని పేరు సార్కాయిడోసిస్. మాంసమను నర్థమిచ్చు గ్రీకు పదమునుండి యీ పేరు పుట్టినది. తెలుగు వాడుకలో దీనికి పేరు లేదు. పేరు తెలియని వ్యాధిని ఇంటిలో నెవరును అనుమానింపరు. దీనితో వచ్చు మొదటి చిక్కు ఇదియే.

మన దేహములోనికి సూక్ష్మజీవియో, ధూళికణమో చొరబడినప్పుడు రక్షకకణములు దానిని చుట్టుముట్టును. చొరబడినది నశింపగనే అవి చెదరిపోవలెను. సార్కాయిడోసిస్ నందు శత్రువు కానరాడు, సేన మాత్రము గుడారములు విప్పదు. ఆ కణములు గుంపులుగా చేరి, సూక్ష్మదర్శిని క్రింద మాత్రమే కనబడునంతటి చిన్న గడ్డలుగా కట్టుకొనును. వైద్యులు వీనిని గ్రాన్యులోమా లందురు. అట్టివి లెక్కకు మిక్కిలిగా ఒక్కచోట చేరినప్పుడు ఆ యవయవము వాచి, తన పని తాను చక్కగా చేయజాలకుండును. దీని మూలకారణ మింతవరకు తేలలేదు. పుట్టుకతో వచ్చిన శరీరతత్త్వమునకు బయటి ప్రేరణ యేదో తోడైనప్పుడు ఇది పుట్టునని పరిశోధకుల యభిప్రాయము. 2001వ సంవత్సరమున న్యూయార్కు నగరమున జంట సౌధములు కూలినప్పుడు ఆ ధూళిలో పనిచేసిన అగ్నిమాపక దళమువారిలో, తరువాతి యేండ్లలో ఇట్టి వ్యాధి హెచ్చుగా కనబడినది.

ఇది అంటువ్యాధి కాదు. ఈ మాట మరల నొకమారు చదువుడని కోరుచున్నాము. రోగి పళ్ళెమును, చెంబును, పక్కను వేరు చేయనక్కరలేదు. పసిబిడ్డను తల్లి యొడినుండి తప్పింప నక్కరలేదు.

వ్యాధి గలవారిలో నూటికి 90 మందికి పైగా ఊపిరితిత్తులయందో, వాని నడుమ నుండు లింఫు గ్రంథుల యందో దీని జాడ యుండును. ఆ గ్రంథులనే మనవారు బిళ్ళలందురు. దగ్గు, ఆయాసము, కారణము తెలియని బడలిక — ఇవి సామాన్య లక్షణములు. కొందరికి ఏ బాధయు నుండదు; మరి దేనికో ఛాతీకి ఎక్స్‌రే తీయించినప్పుడు బయటపడును. అయితే ఛాతీలో ఇది మౌనముగా కూర్చుండి, మొదటి కేక మరియొక తావున వేయుట కలదు. మేము చెప్పదలచినది ముఖ్యముగా ఆ తావులను గూర్చియే.

దీని చరిత్రయే దీని స్వభావమును తెలుపును. లండను నగరమున జోనతన్ హచిన్సన్ అను వైద్యుడు 1869లో ఒక బొగ్గురేవు కూలివాని చేతులపైని, కాళ్ళపైని ఊదారంగు మచ్చలను చూచెను. 1898లో ముఖముపైని, చేతులపైని ఎఱ్ఱని దద్దులు గల శ్రీమతి మార్టిమరను నామెను గూర్చి వ్రాసి, ఆమె పేరనే వ్యాధిని పిలిచెను. నార్వేదేశమున సీజర్ బెక్ అను చర్మవైద్యుడు 1899లో చర్మపు గడ్డలను సూక్ష్మదర్శినితో పరీక్షించి, యీ వ్యాధికి నేటి పేరు వచ్చుటకు కారకుడయ్యెను. డెన్మార్కు నేత్రవైద్యుడు హీర్‌ఫోర్ట్ 1909లో జ్వరమును, కంటివాపును, చెవి క్రింది గ్రంథుల వాపును కలిసి వచ్చు నొక రోగమును వర్ణించెను. చర్మవైద్యుడు చర్మమును, నేత్రవైద్యుడు కంటిని చూచిరే గాని, ఇవన్నియు ఒక్క వ్యాధియే యని వారు తలంపలేదు. స్వీడను వైద్యుడు షౌమన్ ఆ తరువాత ముడి వేసి చూపెను. అంతటి పండితులకే యీ ముడి వేయుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది.

మన దేశమున ఈ వ్యాధి లేదనియే చాలకాలము తలంచిరి. క్షయ యింతగా వ్యాపించియున్న దేశమున ఊపిరితిత్తిలో మచ్చ కనబడినచో వైద్యుని మనస్సు మొదట క్షయ మీదికే పోవును. అది దోషమనుటకు వీలులేదు. కలకత్తాలో ఎస్. కె. గుప్త మొదలగు వైద్యులు రోగులను ఓపికతో పరిశీలించి, 1980 దశాబ్దము నాటికి తమ యనుభవములను ప్రకటించిరి. వెదకువారికి వ్యాధి కనబడసాగినది.

మేముండు మడికొండ కాజీపేటకు చేరువను, హైదరాబాదు బాటపై నున్నది. నేడు వరంగల్లు నగరమున కలిసిపోయినను, మెట్టుగుట్ట రామలింగేశ్వరుని నీడను ఊరితనము నింకను విడువలేదు. ఇచ్చటి యిల్లాలి నొకర్తెను ఊహింతము. ఈమె కల్పితయే గాని, ఆమె కష్టము కల్పితము కాదు. వయస్సు 40 దాటినది. ఒక వేసవిలో ఆమె కండ్లెఱ్ఱబడి చూపు మసకబారును. చుక్కల మందుతో తగ్గును. మరు సంవత్సరము చెవుల క్రింద రెండు ప్రక్కల వాపు వచ్చును. గవదబిళ్ళలని పెద్దలు పట్టు వేయుదురు. ఇంకొక యేడు మోకాలిపై చిన్ననాటి దెబ్బ మచ్చ ఎఱ్ఱబడి ఉబ్బును. చర్మపు మందు పూయుదురు. ఆ పిమ్మట దగ్గు. ఎక్స్‌రేలో బిళ్ళలు కనబడును. క్షయ యను మాట ఇంటిలో పడగానే అత్తగారు గ్లాసు వేరు చేయును, మనుమలను దగ్గరకు రానీయదు. ఆరు నెలలు మందులు మ్రింగినను బిళ్ళలు తగ్గవు. ఈ నాలుగింటికిని నలుగురు వైద్యులు. ఏ వైద్యుడును మిగిలిన మూడింటిని ఎరుగడు, ఏలయన ఎవరును ఆయనకు చెప్పలేదు. కంటికిని ఛాతీకిని సంబంధమేమని ఆమెయు అనుకొనెను.

ఈ యిల్లాలికి కావలసినది గొప్ప వైద్యుడొక్కడే కాదు. ఒక గుడ్డసంచి. కండ్ల చీటి, చర్మపు చీటి, రక్తపరీక్షలు, ఎక్స్‌రే ఫిల్ములు, ఎన్ని పాతవైనను పారవేయక ఆ సంచిలో నుంచి, ఏ వైద్యుని యొద్దకు పోయినను అన్నియు ముందు పెట్టవలెను. వరంగల్లులో కంటికి ప్రాంతీయ నేత్రవైద్యశాల యొకచోట, తక్కిన యవయవములకు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి యొకచోట నున్నవి. ఒక కప్పు క్రింది కాగితము మరియొక కప్పు క్రిందికి తనంత తాను నడచి పోదు గదా. దానిని మోయునది రోగియో, ఆమె కూతురో, కోడలో కావలెను.

క్షయకును దీనికిని భేదమెట్లు తెలియును? ఎక్స్‌రే యొక్కటి చాలదు. సార్కాయిడోసిస్ నందు ఛాతీలోని బిళ్ళలు తరచుగా రెండు ప్రక్కల సమముగా వాచును. చేతికి వేయు ట్యూబర్కులిన్ సూదికి మన దేశమున పెద్దవారిలో అనేకులకు దద్దు లేచును. ఈ రోగులలో నది పెక్కుమారులు లేవదు. అయినను నమ్మదగిన సాక్ష్యము ముక్కపరీక్ష. చర్మము నుండియో, బిళ్ళ నుండియో, గొట్టము ద్వారా ఊపిరితిత్తి నుండియో చిన్న ముక్క తీసి పరీక్షింతురు. క్షయ గడ్డ నడిభాగము సాధారణముగా కుళ్ళి జున్నువలె మెత్తబడి యుండును. సార్కాయిడోసిస్ గడ్డ అట్లు కాక గట్టిగా నుండును. దానితోపాటు క్షయక్రిములకై వేరుగా పరీక్షలు జరుపుదురు. ముక్కపరీక్ష యనగానే కత్తి తగిలిన రోగము ముదురునను భయము మన యిండ్లలో నున్నది. దాని కాధారము లేదు.

ఇచ్చట రెండు హెచ్చరికలు చేయక తప్పదు. ఈ వ్యాసము చదివి, మాది క్షయ కాదేమో యని మందులు మానివేయరాదు. మన ప్రాంతమున అట్టి బిళ్ళలు క్షయవలన వచ్చుటయే హెచ్చు. సగములో మానిన క్షయ మందులకు లొంగనిదై తిరిగి వచ్చును. రెండవది: సార్కాయిడోసిస్ కిచ్చు ముఖ్యౌషధము స్టెరాయిడ్. లోపల నున్నది క్షయయే యైనచో, దానికి మందీయక స్టెరాయిడ్ మాత్ర మిచ్చుట ఎండుగడ్డికి నిప్పు చూపుటయే. ఊళ్ళలో ఆరెంపీలు దగ్గుకును, నొప్పులకును పేరు చెప్పక యిచ్చు బిళ్ళలలో నీ మందుండుట కలదు. అది వ్యాధిని కొన్నాళ్ళు దాచి, పరీక్షలను తారుమారు చేయును. మందు పేరు వ్రాసి యీయని వాని చేతి బిళ్ళ మ్రింగరాదని మా నిశ్చితాభిప్రాయము.

ఇక నీ వ్యాధి వచ్చు విడ్డూరపు తావులను గూర్చి. వీనిలో మన స్త్రీలకు మిక్కిలి చేరువైనది పచ్చబొట్టు. మెట్టుగుట్టకు శివరాత్రినాడు వచ్చు ముదుసళ్ళ ముంజేతులను చూడుడు. ఎరుకలసానులు సూదితో పొడిచిన చుక్కలు, తేళ్ళు, పేర్లు కానవచ్చును. నేటి పడుచులు అంగళ్ళలో యంత్రముతో రంగురంగుల టాటూలు వేయించుకొనుచున్నారు. చర్మము క్రింద నిలిచిన రంగు పరాయి పదార్థము. రక్షకకణములు దానిని ఏండ్లకొలది మరచినట్లుండి, ఒకనాడు జ్ఞప్తి తెచ్చుకొన్నట్లు దానిచుట్టు మూగును. పదియేండ్ల నాటి పచ్చబొట్టు, ఇరువదియేండ్ల నాటిది సహితము, గీతవెంబడి ఉబ్బి గట్టిపడును. ఇది కొందరికి రంగు పడకపోవుట మాత్రమే. కొందరికి లోపలి సార్కాయిడోసిస్ వేసిన మొదటి కేక. ఈ భేదము కంటికి తెలియదు. ముక్కపరీక్షయు, ఛాతీకి ఎక్స్‌రేయు కావలెను. పచ్చబొట్టుతోపాటు పాత మచ్చలన్నియు నీ వ్యాధికి ప్రియమైన తావులే. శస్త్రచికిత్స కుట్లు, చిన్ననాడు పడినప్పుడు ఇసుక దిగిన మోకాలి మచ్చ, చెవులు కుట్టిన తావు — ఏండ్ల తరబడి చల్లగా నున్న మచ్చ కారణము లేక ఎఱ్ఱబడి పైకి లేచినచో ఉపేక్షింపరాదు.

ముక్కు, చెక్కిళ్ళు, చెవితమ్మెలపై ఊదారంగు వాపుగా వచ్చు రూపమొకటి కలదు. ఇది స్త్రీలయందే హెచ్చుగా కనబడును; త్వరగా పోదు; ముక్కు దూలమును కొరికివేయుటయు కలదు. ముఖముపై మచ్చ వచ్చిన స్త్రీ మన సంఘమున ఎన్ని చూపులు సహింపవలెనో వేరుగ వ్రాయనేల? మచ్చ యనగానే కుష్ఠని గుసగుసలు మొదలగును, సంబంధములు తప్పిపోవును. కుష్ఠు మచ్చలపై స్పర్శజ్ఞానము తరచుగా తగ్గును. సార్కాయిడోసిస్ మచ్చపై సాధారణముగా స్పర్శ తెలియుచునే యుండును. అంతమాత్రమున ఇంటిలో తీర్పు చెప్పుకొనక చర్మవైద్యునికి చూపవలెను. కుష్ఠే యైనను నేడది మందులతో పూర్తిగా కుదురు వ్యాధియే.

కన్ను వేరొక ముఖ్యమైన తావు. కంటి లోపొరలు వాచి, వెలుతురు చూడలేకపోవుట, చుక్కలు తేలినట్లగుట, మసక — ఇవి కలుగును. కండ్లకలక వచ్చిన కన్ను ఊసులు కట్టును, ఇది కట్టదు. అన్నిటికన్న కీడైనదేమనగా, ఈ వాపు ఒక్కొక్కప్పుడు నొప్పి లేకయే చూపును హరించుచు పోవును. శుక్లమును, నీటికాసులును దీని వెనుకనే రావచ్చును. అందుచేత వ్యాధి ఏ యవయవమున తేలినను, కంటిలో బాధ లేకున్నను, ఒకమారు నేత్రపరీక్ష చేయింపవలెనని అమెరికా ఛాతీవైద్యుల సంఘము 2020లో సలహా యిచ్చినది. కంటి లోపొరల వాపులకు ప్రత్యేక చికిత్స చేయు వైద్యులు, 1987లో హైదరాబాదున నెలకొల్పబడిన ఎల్. వి. ప్రసాద్ నేత్రసంస్థ వంటి చోట్ల నున్నారు.

హీర్‌ఫోర్ట్ వర్ణించిన రూపమున చెవుల క్రింద వాపుతోపాటు మూతి ఒక ప్రక్కకు వంకర పోవుట కలదు. మనవారు దీనిని గాలి సోకినదనియో, పక్షవాతమనియో అనుకొందురు. గవదబిళ్ళలు వారము పది దినములలో తగ్గిపోవును. నెలల తరబడి నిలిచిన వాపు గవదలు కాదు.

గుండెలో చేరినప్పుడు కనబడు చిహ్నములు మూర్ఛ, దడ, నాడి మిక్కిలి నెమ్మదించుట. స్త్రీ మూర్ఛిల్లినచో నీరసమనియో, ఉపవాసమనియో, దిష్టి యనియో సరిపెట్టుట మన యలవాటు. ఈ వ్యాధి గలవారిలో నూటికి 5 మందికి గుండెబాధ బయటపడును. చిన్నదైన ఈసీజీ పరీక్ష తొలి జాడ చెప్పును. అవసరమైనప్పుడు గుండె లయను నిలుపు యంత్రమును అమర్చుదురు.

వంటింటికి సంబంధించిన విషయ మొకటి కలదు, దీనిని పాఠకురాండ్రు విశేషముగా గమనింపవలెను. ఇప్పుడు ఒడలు నొప్పులన్నచో విటమిన్ డి పొట్లము, సున్నపు బిళ్ళ యనబడు కాల్షియము, తరచుగా అడుగకయే లభించుచున్నవి. వారమున కొక్కటి చొప్పున 60,000 యూనిట్ల పొట్లములను నెలల తరబడి మ్రింగువారు కలరు. సార్కాయిడోసిస్ గడ్డలు తమంత తామే విటమిన్ డి ని చురుకైన రూపమునకు మార్చును. దానివలన ప్రేవులు ఆహారములోని కాల్షియమును మితిమీరి పీల్చుకొనును. అది రక్తమున హెచ్చి దాహము, మలబద్ధకము, వికారము, మందకొడితనము కలిగించును. మూత్రపిండములలో రాళ్ళు కట్టును. నడివయస్సు స్త్రీకి మరల మరల రాళ్ళు కట్టుచుండగా ఎముకల బలమునకని యీ బిళ్ళలే యిచ్చుట యెంత విపరీతమో చూడుడు. ఈ వ్యాధి గలవారు, ఉన్నదని అనుమానము గలవారు, రక్తములోని కాల్షియమును కొలిపించుకొనక వీనిని ముట్టరాదు. స్టెరాయిడ్ వాడుచు ఎముకలకై వీనిని పుచ్చుకొనవలసి వచ్చినప్పుడును ఆ కొలత వైద్యుడు చూచియే యీయవలెను.

అరుదైన తావు లింకను కలవు. మెదడు క్రిందనుండు పిట్యూటరీ గ్రంథిలో చేరినచో చక్కెర వ్యాధి లేకున్నను అతిదాహము, అతిమూత్రము కలుగును. ముట్టు నిలిచిపోవుటయు కలదు. రొమ్మున గడ్డగా వచ్చుట మిక్కిలి యరుదు. రొమ్ములో తగిలిన గడ్డ యేదైనను ముందుగా క్యాన్సరు కాదని నిర్ధారించుకొనుటయే కర్తవ్యము. ఈ వ్యాధి పేరు చెప్పి ఆలస్యము చేయరాదు.

ఇన్ని తావులు చెప్పి భయపెట్టితిమేమో. ఈ వ్యాధి గలవారిలో సగమునకు పైగా రెండు మూడేండ్లలో దానంతట నదియే శమించును. అందుచేత ప్రతివారికి మందీయరు. కొందరిని కేవలము కనిపెట్టి చూతురు. వైద్యుడు మందు వ్రాయక మూడు నెలలకు రమ్మన్నచో అది నిర్లక్ష్యమని కోపింపరాదు. కన్ను, గుండె, మెదడు, మితిమీరిన కాల్షియము — వీనిలో నేది యున్నను మందు తప్పదు. స్టెరాయిడ్ బిళ్ళలు నెలల తరబడి వాడవలసి వచ్చును. వానివలన ఆకలి హెచ్చును, ముఖము గుండ్రబడును, రక్తములో చక్కెరయు రక్తపుపోటును పెరుగవచ్చును. ముఖము ఉబ్బినదని చుట్టములు అన్న మాటకు నొచ్చుకొని బిళ్ళలు హఠాత్తుగా మానువారు కలరు. అట్లు మానుట ప్రాణమునకే అపాయము. వైద్యుడు చెప్పినట్లు మెల్లమెల్లగా తగ్గింపవలెను. తగ్గనివారికి మెథోట్రెక్సేట్ వంటి వేరు మందులున్నవి.

సంతానము కోరు స్త్రీలు ఈ మెథోట్రెక్సేట్ విషయము ముందుగనే వైద్యునితో మాట్లాడవలెను. గర్భమున నున్న శిశువునకు అది హాని చేయును గనుక గర్భధారణకు కొన్ని నెలల ముందే నిలుపుదురు. వ్యాధి యున్నంతమాత్రమున గర్భము దాల్చగూడదని లేదు. పెక్కుమందికి గర్భకాలమున వ్యాధి నెమ్మదించును. ప్రసవమైన కొన్ని నెలలకు మరల తల యెత్తుటయు కలదు. బాలింత ఆయాసపడుచున్నచో బాలెంతరాలి బలహీనత యనుకొందురు. కంటిమసకను నిద్రలేమి యనుకొందురు. ఆ దినములలో ఇంటనున్న పెద్దవారు, పురుడు పోసిన ఆరు నెలల లోపల ఆమెను మరల నొకమారు ఛాతీ వైద్యునికిని, నేత్రవైద్యునికిని, పాత చీటీల సంచితో సహా, చూపింపవలెను.